పేరడగని చేతులు

మా అవ్వ పడ్డది. 2016 సెప్టెంబర్‌ల, ఇడవకుండ వాన కొట్టిన దినాలల్ల, తుక్కుగూడల మా ఇంటి జాలారి కాడ షాబాద్ బండ మీద కాలు జారి పడ్డది. ఇంట్ల ఎవ్వరు లేరు. నా ఇంటామె పుట్టింటికి పోయింది. నేను కల్వకుర్తిల పిల్లలకు సాంఘిక శాస్త్రం పాఠం చెప్తున్న.

ఫోన్ అవ్వ నంబర్ నుంచే వచ్చింది. గొంతు మాత్రం అవ్వది గాదు. "భాయ్‌సాబ్, ఆప్ కీ మా గిర్ గయీ హై. జల్దీ ఆవో" అన్నడు ఎవరో. ఎవరు నువ్వు అని అడిగే లోపలనే పెట్టేసిండు. శ్రీశైలం రోడ్డు మీద బస్సుల కూసున్న రెండు గంటలు నా తలకాయల ఒక్కటే తిరిగింది. అవ్వను ఎవరు ఎత్తిండ్రు?

ఈ ప్రశ్న వేరేటోళ్ళకు రాకపోవచ్చు. ఎముక విరిగిందా, ప్రాణం బాగున్నదా అని అడుగుతరు. నాకు గా ప్రశ్నలు తర్వాత వచ్చినయి. దానికి కారణం ఉన్నది. దళితుల చరిత్ర అంటే మనం దెబ్బలు రాస్తం, చావులు రాస్తం, పోరాటాలు రాస్తం. రాయాలె. కని పడ్డప్పుడు మనల్ని ఎవరు ఎత్తిండ్రు అన్నది కూడ చరిత్రనే. ముట్టుకోకుండ చాన సాయాలు చెయ్యొచ్చు. పైసలియ్యొచ్చు, గింజలియ్యొచ్చు, బండియ్యొచ్చు, అయ్యో పాపమనొచ్చు. పడ్డ మనిషిని ఎత్తాలంటే మాత్రం ముట్టుకోవాలె. అంటరానితనం నాలుగు దిక్కుల పాతుకపోయిన దేశంల అది చిన్న విషయం గాదు.

మాది అసలు తుక్కుగూడ పక్క పల్లె. పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఒకటే, అసొంటి పల్లెలు చుట్టుపక్కల చానా ఉండె. 1977ల, అప్పటికి రంగారెడ్డి జిల్లా గూడ పుట్టలేదు, మేము హైదరాబాద్ జిల్లా కిందనే ఉంటిమి. మిరుగు ముంగట మా నాయిన ఇంటి మీది గూన పెంక సదురుతుండె. దూలం పుచ్చిపోయింది. మనిషి ఇంటి నడుమల, రోలు మీద పడ్డడు. తొడ ఎముక విరిగింది. నాకు తొమ్మిదేండ్లు. నాయిన అరుపు ఊరి నడుమల ఉన్న చావిడి దాక ఇనబడ్డది. చావిడి అరుగు మీద కూసున్నోళ్ళు లేచి నిలబడి చూసిండ్రు. వాడ మొదట్ల ఉన్న చింతచెట్టు కాడికి వచ్చి ఆగిండ్రు. ఇవతలికి రాలేదు.

ఎత్తింది మావోళ్ళే. నులక మంచం మీద పండబెట్టిండ్రు. దవాఖానకు తీస్కపోవాలంటే బండి గావాలె. మా చిన్నాయిన ఊర్ల పెద్ద రైతు దగ్గర జీతముండె. పోయి కాళ్ళ మీద పడ్డడు. ఆయన చెడ్డోడని నేను రాయను. బండి ఇచ్చిండు, ఎడ్లనిచ్చిండు, కిందికి పరుచుకోను గడ్డి గూడ ఇచ్చిండు. ఒక్క మాటన్నడు. "మా మనిషి రాడు, మీరే తోలుకోండ్రి. తెచ్చినంక బండి కడిగి కట్టేయుండ్రి." అంతే. మా నాయిన ఆ పొలంలనే ఇరవై ఏండ్లు చెమట కార్చిండు. ఆ చెమట బండిని మైల చెయ్యలే. నెత్తురు చేస్తదట.

బండి పహాడీ షరీఫ్ దాక పోయింది. అక్కడ ఒక ఎద్దు కుంటుడు పట్టింది. దర్గాకు మొక్కు తీర్చుకొని పట్నం ఎల్లిపోతున్న చిన్న లారీ ఒకటి ఆగింది. ఆడోళ్ళు, మొగోళ్ళు, పిల్లలు, వంట గిన్నెలు, అన్నీ అండ్లనే. దాంట్ల నుంచి గడ్డం తెల్లబడ్డ పెద్దమనిషి దిగిండు. ఏమైందని అడిగిండు. ఎవ్వరని అడగలే. ఇద్దరు పోరగాండ్లను పిలిచిండు. వాళ్ళు నాయిన సంకల కింద చేతులు పెట్టి లేపిండ్రు. లారీల ఆడోళ్ళు జరిగి జాగ ఇచ్చిండ్రు. ఒకామె స్టీలు గిలాసల నీళ్ళు ముంచి నాయిన నోటికాడ పెట్టింది. నాయిన తల పక్కకు తిప్పిండు. దోసిలి పట్టబోయిండు. చేతులు లేస్తలేవు. ఆమె "పియో, పియో" అనుకుంట తాగిపిచ్చింది. అదే గిలాస మల్ల ముంచి తన పిల్లకిచ్చింది.

మా నాయిన వేరేటోళ్ళ గిలాసల నీళ్ళు తాగంగ నేను చూసుడు అదే మొదలు. ఆయన తర్వాత ముప్పై ఏండ్లు కుంటుకుంట బతికిండు. పడ్డ కత చెప్పుమంటే కాలు సంగతి ఎన్నడు చెప్పలే. గిలాస సంగతే చెప్పెటోడు.

చాన ఏండ్లకు నేను బాబాసాహెబ్ అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివిన. 1990ల పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చిన్న పుస్తకంగ అచ్చేసింది. అండ్ల ఒక పడుడు ఉన్నది. 1929 అక్టోబర్ 23న బాబాసాహెబ్ ధూలియా రైలు దారిల ఉన్న ఒక ఊరికి పోయి, అక్కడ అంటరానివాళ్ళ మీద జరిగిన సాంఘిక బహిష్కరణ గురించి తెలుసుకొని, తిరిగొచ్చి చాలీస్‌గావ్‌ల రైలు దిగిండు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు టాంగా గావాలె. టాంగావాలాలు అంటరానోన్ని ఎక్కించుకొని తోలం అన్నరు. ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. టాంగా కిరాయికి ఇస్తరు, తోలెటోడు రాడు. తమ అతిథి నడిచి పోవుడు తమకు అవమానమని మహర్లు ఒప్పుకున్నరు. ఎన్నడు టాంగా తోలని మనిషి పగ్గాలు పట్టిండు. వంతెన మీద బండి బోల్తా కొట్టింది. బాబాసాహెబ్ రాతిబండల మీద పడ్డడు. కాలు విరిగింది. గుర్రం, బండి వాగుల పడ్డయి. వాడ జనమంత ఏడ్చుకుంట ఆయనను ఎత్తి తీస్కపోయిండ్రు.

విదేశాలల్ల చదువుకున్న బారిస్టర్. ఆయనకు, సంతకం రాని మా నాయినకు దొరికింది ఒకటే న్యాయం. బండి ఇస్తరు, చెయ్యి ఇయ్యరు. అక్కడ టాంగా, ఇక్కడ ఎడ్లబండి. నడుమ నలభై ఎనిమిదేండ్లు, ఒక స్వాతంత్ర్యం, ఒక రాజ్యాంగం. చదివిన రాత్రి ఆ పేజీ నాయినకు చదివి వినిపించిన. చానసేపు గమ్మున ఉండి, "ఆయనకు గూడనా?" అన్నడు.

అట్లని తెలియనోళ్ళంత మంచోళ్ళు, తెలిసినోళ్ళంత చెడ్డోళ్ళు అని నేను తీర్పు చెప్తలేను. అదే పుస్తకంల ఇంకొకటి ఉన్నది. 1934ల బాబాసాహెబ్, తోటోళ్ళు నిజాం రాజ్యంలనే ఉన్న దౌలతాబాద్ కోట చూడను పోయి, దుమ్ము కొట్టుకున్న మొఖాలు అక్కడి హౌజుల కడుక్కున్నరు. ఇంతల ఒక ముసలి ముసల్మాను, నీళ్ళు మైల చేసిండ్రని ఒర్లుకుంట వచ్చిండు. గుంపు చేరింది. కొట్టేదాక వచ్చింది. మా నాయినకు గిలాస అందిచ్చింది ఒక ముసల్మాను తల్లి. బాబాసాహెబ్‌ను నీళ్ళకాడ తిట్టింది ముసల్మానులే. తేడా మతంల లేదు. దౌలతాబాద్‌ల వాళ్ళకు వీళ్ళెవ్వరో తెలిసింది. పహాడీ షరీఫ్ కాడ తెల్వది. తెలిస్తే ఆ లారీ ఆగునా? ఆగకపోవునా? ఈ అనుమానం నన్ను ఇన్నేండ్లు ఇడిచిపెట్టలే.

ఊరంటే ఏంది? మన పేరు, మన తాత పేరు, మన ఇంటి దిక్కు తెలిసిన జాగ. గాంధీ తాత ఊరు గొప్పదన్నడు. బాబాసాహెబ్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల ఊరు మీద ఏమన్నడో విద్యార్థులు చదువుకోవాలె. 1985 జులై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, బతికినోళ్ళు పెండ్లాం పిల్లలను పట్టుకొని చీరాలకు ఉరికిండ్రు. తరతరాలు పేరు పెట్టి పిలిచిన ఊరు తరిమింది. పేరు తెల్వని పట్నం తలదాపిచ్చింది. నేను అప్పుడు హాస్టల్‌ల ఉండి ఇంటర్ చదువుతున్న. మా వార్డెన్‌కు తెల్వకుండ రాత్రిపూట అన్నం ఒక పూట మానుకొని ఆ బియ్యం పైసలు పంపినం. మేము చీరాల ఎన్నడు చూడలే. వాళ్ళు మా మొఖాలు చూడలే.

ఇగ అవ్వ కాడికి వస్త.

మా పల్లె ఇడిచి మేము తుక్కుగూడల ఇల్లు గట్టుకునేసరికి ఈ దిక్కంత మారిపోయింది. 2006ల ఫ్యాబ్ సిటీ అన్నరు. 2008 మార్చిల శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచిండ్రు. ఔటర్ రింగు రోడ్డు పడ్డది. జొన్న చేన్లు, కంది చేన్లు పోయి ప్లాట్లయినయి. మావోళ్ళకు ఉన్న ఎకరం, అరెకరం లావుణి పట్టాల భూములు ఎటు పోయినయన్నది వేరే వ్యాసం రాయాలె. భూమి పోయినోళ్ళు పొద్దుగాల్నే బస్సెక్కి ఊడ్చే పనికి, కాపలా పనికి పోవుడు మొదలుపెట్టిండ్రు. అందుకే అవ్వ పడ్డనాడు పగటిపూట వాడ వాడంత ఖాళీ. ఇటు దిక్కు ఇగో ఇంకోటి జరిగింది. ఎక్కడెక్కడి దేశాల జనం వచ్చి మా సందులల్ల కిరాయికి దిగిండ్రు.

ఫోన్ చేసినాయన అసొంటోడే. బిహారో, జార్ఖండో. ఏదో కంపెనీ కట్టుబడిల సెంట్రింగ్ పని. రాత్రి పని చేసొచ్చి మా వెనుక రూముల పండుకున్నడట. అవ్వ ఒర్రుడు ఇని గోడ దుంకి వచ్చిండు. తడిసి ముద్దయిన ముసలామెను రెండు చేతుల మీద లేపి అరుగు మీదికి తెచ్చిండు. ఎముక విరిగినప్పుడు అట్ల లేపొద్దని తర్వాత డాక్టర్ అన్నడు. నిజమే, లేపొద్దు. కదిలియ్యకుండ ఉంచి అంబులెన్స్ కొరకు చూడాలె. కని ఆ వానల ఆయనకు గది తెల్వది. తెలిసింది ఒక్కటే, ముసలామె నీళ్ళల్ల పడున్నది.

ఆయనకు తెలుగు రాదు. పక్కింటి తలుపు కొట్టిండు. అండ్ల గోదావరి జిల్లా దిక్కు నుంచి వచ్చిన చిన్న సంసారం ఉండె. ఆ అమ్మాయి వచ్చి, మా అవ్వ తడి చీర ఇడిపించి, పొడి చీర చుట్టింది. 108కు ఫోన్ చేసి తెలుగుల జాడ చెప్పింది. అంబులెన్స్‌ల అవ్వ పక్కన కూసోని ఉస్మానియా దాక వచ్చింది. నేను పోయేసరికి అవ్వ చెయ్యి ఆమె చేతులనే ఉన్నది.

108 గురించి ఒక మాట. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌ల అది మొదలైంది. ఫోన్ చేస్తే ఎక్కడ, ఏమైంది అని అడుగుతరు. మీరెవ్వరోళ్ళని అడగరు. బండి కడిగి ఇయ్యుమనరు. వచ్చిన పిల్లగాడు అవ్వ కాలికి చెక్క కట్టి, పట్టుకొని స్ట్రెచర్ ఎక్కిచ్చిండు. అది ఆయన నౌకరి. దయ తలిస్తే ముడుతరు, తలవకుంటే లేదు. నౌకరి ఉన్నోడు ముట్టవలసిందే. మా నాయిన కాలానికి, మా అవ్వ కాలానికి నడుమ వచ్చిన మార్పుల దీన్ని నేను మొదటి వరుసల పెడత. దయ మంచిదే, కని ఎవని ఇంటి ముంగట పడ్డం అన్న దాని మీద మన పానం ఆధారపడొద్దు.

ఉస్మానియా దవాఖాన ఆవరణల ఒక చింతచెట్టు ఉన్నది. అవ్వ ఆపరేషన్ కొరకు చూసుకుంట దాని కిందనే కూసున్న. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పట్నం సగం కొట్టుకపోయింది. వేలమంది సచ్చిండ్రు. ఆ దినం ఈ చెట్టు ఎక్కి నూటయాభై మంది దాక బతికిండ్రని చెప్తరు. ఉస్మానియా కొత్త భవనం 1925ల తయారైంది. 2020 జులైల వాన నీళ్ళు వార్డులల్లకు వచ్చినంక ఆ భవనాన్ని ఖాళీ చేపిచ్చిండ్రు. నేను చెప్పేది అంతకు నాలుగేండ్ల ముంగటి సంగతి. ఆ కొమ్మల మీద కూసున్నోళ్ళల్ల ఎవరెవ్వరున్నరో నాకు తెల్వది. కని ఒకటి ఊహించుకోవచ్చు. కింద నీళ్ళు సుడి తిరుగుతుంటే పక్కోని భుజం తగులుతుందని ఎవ్వడు కొమ్మ ఇడిచిపెట్టి ఉండడు. మా పల్లెల చింతచెట్టు కాడ ఆగిపోయిన మనుషులు యాదికొచ్చిండ్రు. చెట్టు అదే జాతి.

ఆ వరదకు రెండేండ్ల ముంగట, 1906ల, ఇదే పట్నంల మాల కుటుంబంల పుట్టిన యువకుడు ఒక సంఘం పెట్టిండు. భాగ్యరెడ్డి వర్మ. అప్పటికి పద్దెనిమిదేండ్లు. సంఘం పేరు జగన్మిత్ర మండలి. 1911ల అది మాన్య సంఘం అయింది. తర్వాత ఆది హిందూ ఉద్యమం వచ్చింది. నాకు ఆ మొదటి పేరు మీద మనసు. ఊర్ల ఎవ్వరు మిత్రులు గానోడు, జగత్తుకే మిత్రుణ్ని అని బోర్డు కట్టుకున్నడు. సాయం మనకు రావాలె అన్నది ఒక్కటే గాదు, మనం గూడ చెయ్యిచ్చెటోళ్ళమే అని ఆయన చెప్పిండు. వెట్టిల మన భుజాలు దొరల మూటలు మోసినయి, సచ్చిన గొడ్లను మోసినయి. అండ్ల మన ఇష్టం లేదు. ఇష్టంతోని చెయ్యిచ్చుడు వేరు.

డాక్టర్లు రెండు సంచుల నెత్తురు గావాలన్నరు. నాది ఒకటి కలిసింది. ఇంకొకటి అచ్చంపేట దిక్కు నుంచి తమ్మున్ని తెచ్చుకున్న ఒకాయన ఇచ్చిండు. చెట్టు కింద బీడీ తాగుకుంట మాట్లాడుకున్నమంతే పరిచయం. నెత్తురుల గ్రూపులున్నయని 1901ల లాండ్‌స్టైనర్ అనే డాక్టర్ కనిపెట్టిండు. మనిషి నెత్తురు మనిషి నెత్తురుతోని ఎందుకు కలుస్తలేదని వెతికి వెతికి ఆయన తేడాలు పట్టిండు. మా ఊరు మోసుకొచ్చిన తేడా ఆయనకు దొరకలే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలె. అవ్వ ఇంటికొచ్చినంక నేను వెనుక రూముకు పోయిన. ఆ సెంట్రింగ్ మేస్త్రికి దండం పెట్టిన. పేరడిగిన. చెప్పిండు. ఒక్క మాట పేరు. "పూరా నామ్?" అని మల్ల అడిగిన. ఎందుకడిగిన? దరఖాస్తు నింపను గాదు. ఎనుక ఏమున్నదో చూద్దామని. ఎత్తినోడు ఎవ్వరోడు? మనోడేనా? పైకులపోడా? నా నోట్లకెల్లి వచ్చిన మాట నా చెవులకు ఇనబడేసరికి సిగ్గయింది. ఆయన నవ్వి అదే ఒక్క పేరు మల్ల చెప్పిండు. నెల తిరిగేసరికి ఆ కట్టుబడి అయిపోయి ఇంకెక్కడికో పోయిండు. యాభై ఏండ్లు మనల్ని అడిగిన ప్రశ్న మన నాలుక మీద గూడ గూడు కట్టుకుంటది. ఉద్యమంల ఉన్నోళ్ళం గూడ దీన్ని చూసుకోవాలె.

గోదావరి అమ్మాయి రోజు వచ్చేది. అవ్వకు తల దువ్వేది. డబ్బాల పప్పు, చారు పోసుకొచ్చేది. ఇరవై రోజులైనంక ఒకనాడు, "మామ్మగారూ, మీరేమిట్లు?" అని అడిగిందట. మా అవ్వకు ఆ మాట తెల్వది. "గదేంది బిడ్డా?" అన్నది. "అదేనండీ, మీరేం కులం అని." అవ్వ ఒక్క నిమిషం ఆగిందట. తర్వాత చెప్పింది. "మాదిగోళ్ళం బిడ్డా." ఆమె "ఓహో, అలాగా" అన్నది. కూసున్నది. అవ్వ తల దువ్వుడు ఆపలే. జడ పూర్తిగ అల్లిపోయింది. డబ్బా ఇడిచిపెట్టి పోయింది.

తెల్లారి రాలే. ఆ వారం రాలే. వాళ్ళ పిల్లకు జరం వచ్చిందన్నరు. నిజమే అయ్యుండొచ్చు. స్టీలు డబ్బా మా అర్రల దిగూట్ల ఉండిపోయింది. మర్చిపోయిందా? మల్ల తీసుకోవద్దనుకున్నదా? నేనొకటి అనుకుంట, నా ఇంటామె ఒకటి అనుకుంట. అవ్వ ఏమనలే. "నా తడి చీర ఇడిపిచ్చింది ఆ పిల్ల, గది మర్వద్దు" అన్నది.

మూడు నెలలకు అవ్వ కట్టె పట్టుకొని నడిచింది. సంక్రాంతికి సకినాలు చేపిచ్చింది. ఖాళీ డబ్బా తిరిగియ్యొద్దు గదా, నిండ సకినాలు పోసి, నన్ను రావద్దని, తనే మెల్లగ పక్కింటికి పోయింది. తిరిగొచ్చేసరికి చేతుల డబ్బా లేదు.

"తీసుకున్నదా?" అన్న. నా గుండె కొట్టుకుంటున్నది.

"వాళ్ళు లేరురా. ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రట. అండ్ల ఎవరో కొత్తోళ్ళు దిగిండ్రు. చిన్న చిన్న పిల్లలు. వాళ్ళకిచ్చి వచ్చిన."

"ఎవరట వాళ్ళు?"

అవ్వ కట్టె గోడకానిచ్చి, మెల్లగ మంచం మీద కూసున్నది.

"నేనడగలే" అన్నది.